జవాబు చరణం

పొద్దున్న ఏడు కాకముందే వెనక గదిలో దడదడలు మొదలయ్యాయి. కసిల్దా కాఫీ దించి, గిన్నెలోంచి దాల్చినచెక్క తీసి పక్కన పెడుతోంది. వంటింటి కిటికీలోంచి పొరుగింటి తోమసా తల దూర్చింది.

"ఏం వదినా, మీ అంపారో పొద్దున్నే బొద్దింకలు తొక్కుతోందా?"

"పాటల ఆల్బమ్ చేస్తోందమ్మా. ఇవాళ చెక్క మీద ఆట అడుగులు."

"నిన్నేమో తాళానికని గాడిద దవడ ఎముక పట్టుకుని గంటసేపు గీకింది. మొన్న ఆ పెద్ద గిటారు, దుమ్ దుమ్ దుమ్! మా ఆయన తన తలలోనే ఏదో తేడా చేసిందని కంగారుపడ్డాడు."

"దానికి చెవుల్లో అన్నీ కలిపి వినిపిస్తాయిట. మన ఖర్మకే ముక్కలు" అని నవ్వేసింది కసిల్దా.

అంపారో బడిలో పంతులమ్మ. ముప్ఫై ఆరేళ్ళు. నెల రోజులు సెలవు పెట్టి, వెనక గది గోడలకి పరుపులు ఆనించి, వెరాక్రూజ్ పట్నం నుంచి ఒక మైకు అరువు తెచ్చుకుంది. ఒక వాద్యం వాయించి రికార్డుకి ఎక్కించడం, దాన్ని చెవుల్లో పెట్టుకుని వింటూ దాని మీద ఇంకొకటి వాయించడం. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆ పూట వాయించేది ఒక్కటే, బోడిగా, మళ్ళీ మళ్ళీ వినిపించేది. నెల రోజులుగా ఆ ఇల్లు ఒక్క పాట కూడా పూర్తిగా వినలేదు.

ఆ పాటలన్నీ తండ్రి అబుందియో కట్టినవే. ఒకప్పుడు వాళ్ళ ఊరి నది పొడుగునా ఏ ఊళ్ళో ఆటపాటలు జరిగినా ఆయన చేతిలో రెకింతో అనే చిన్న గిటారు మోగందే ఎవరి కాలూ ఆట చెక్క ఎక్కేది కాదు. రెండేళ్ళ కిందట పక్షవాతం కుడిచేతి వేళ్ళని తీసుకుపోయింది. గొంతు బాగానే ఉంది కాని, ఆ రోజు నుంచి ఆయన పాట అన్న మాట ఎత్తలేదు.

కసిల్దాకి అసలు బెంగ వేరే ఉంది. వాళ్ళ పాటల్లో ఒకరు చరణం అందుకుంటే ఇంకొకరు జవాబు పాడాలి. తనకి తానే జవాబు పాడుకోవడం మర్యాద కాదు, పిచ్చివాళ్ళ లక్షణం. అంపారో అన్నీ వాయించగలదు కాని, ఆ ఒక్కటీ చెయ్యలేదు. ఆదివారం తండ్రిని బతిమాలింది. ఆయన కుదరదన్నాడు. మైకు రేపు తిరిగి ఇచ్చెయ్యాలి.

మధ్యాహ్నం అన్నంలోకి చేపల పులుసు పెట్టింది కసిల్దా. అబుందియో చెంచా ముట్టుకోలేదు.

"పదిమంది కూడి పాడుకునే పాటలే అవి. పదిమందికి వండి ఒక్కదానివే కూచుని తింటానంటావు. నీకెవరూ అక్కర్లేదన్నమాట!"

"ఎవర్ని పిలవమంటావు నాన్నా?" అంది అంపారో నెమ్మదిగా.

"ఊళ్ళో వాయించేవాళ్ళే లేరా? సెఫెరీనో చచ్చిపోయాడా?"

"పిలిచాను. నువ్వున్న గడప తొక్కనన్నాడు మామ. ఎందుకో చెప్పనా? ఆయన మనవరాలి బాప్తిజం రోజున పాట మధ్యలో ఆపించి, చుట్టాలందరి ముందూ 'నీ వేళ్ళకి చెవుడు' అన్నావు. ముప్ఫై ఏళ్ళ స్నేహం."

"తప్పు వాయిస్తే చెప్పొద్దా?"

"చెప్పు. కాని ఏనాడైనా ఎవరినైనా బాగుందన్నావా? ఒక్కసారి? సెఫెరీనో మామ వెళ్ళిపోయాడు, నేను పెద్ద గిటారు నేర్చుకున్నాను. ఎముక గీకే ఫిదెన్సియో వెళ్ళాడు, అదీ నేనే పట్టాను. అత్త నిన్ను తిట్టుకుంటూ చెక్క దిగిపోతే అడుగులు నేర్చుకున్నాను. నేను గొప్పకి నేర్చుకున్నానా ఇవన్నీ? నువ్వొకళ్ళని వెళ్ళగొట్టినప్పుడల్లా ఆ ఖాళీలోకి నేను దూరాను నాన్నా. లేకపోతే నీ పాట ఆగిపోయేది!"

అబుందియో లేచి పెరట్లోకి వెళ్ళి ఉయ్యాల మంచంలో గోడకేసి తిరిగి పడుకున్నాడు. అంపారో కంచం ముందు నుంచి కదలకుండా ఏడ్చింది.

కసిల్దా చేతిలో గరిటె కింద పెట్టింది. అలిగి వెళ్ళిపోయేవాళ్ళందరినీ వాకిట్లో ఆపి కాఫీ ఇచ్చి పంపింది తనే. ఆయన్ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆయన కళాకారుడు, కోపం ఉంటుందిలే అని సరిపెట్టుకుంది. ఆ సరిపెట్టుకోవడం ఖరీదు కూతురి నెత్తిన పడిందని ఇవాళే తెలిసింది. చెయ్యి తుడుచుకుని పెరట్లోకి నడిచింది.

"లేవయ్యా. వెళ్ళి విను. ముక్కలు విని పాటని తిట్టకు."

"నువ్వు కూడానా?"

"నలభై రెండేళ్ళు అనలేదు కదా, అందుకే ఇవాళ అంటున్నా. లే!"

ఆ గొంతు ఆయనెప్పుడూ విని ఉండడు. చెప్పులు కూడా వేసుకోకుండా వెనక గదిలోకి వెళ్ళి మంచం అంచున కూచున్నాడు. అంపారో తండ్రి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి మీట నొక్కింది. గుమ్మంలో నిలబడ్డ కసిల్దాకి ఏమీ వినబడలేదు. ఆయన ముఖమే కనబడింది.

ముందు కనుబొమ్మలు ముడిపడ్డాయి. కాసేపటికి కుడికాలు నేల మీద తాళం వెయ్యసాగింది.

"ఇది సెఫెరీనో వరస" అన్నాడు, చెవుల్లో మోతకి గట్టిగా అరుస్తూ. "వాడు తీగ ఇలాగే వెనక్కి లాగుతాడు. దొంగ వెధవ!" ఇంకాసేపటికి, "రెకింతో... ఇది నా చెయ్యే" అన్నాడు. వేళ్ళు కదలని కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు. "ఇక్కడ ఖాళీ ఏమిటి?"

"నీ చోటు నాన్నా. నాకు నేనే జవాబు చెప్పుకోలేను" అంది అంపారో. మైకు ఆయన ముందుకి జరిపి పాట మళ్ళీ మొదటికి తిప్పింది.

అది ఆయన పెళ్ళికి ముందు కట్టిన పాట. పడవ తాడు విప్పిందెవరు, ఒడ్డున ఒంటరిగా నిలిచిందెవరు అని చరణం అడుగుతుంది. కసిల్దా గుమ్మాన్ని పట్టుకుంది. తీగలు లేవు, అడుగులు లేవు, ముసలి గొంతొక్కటే ఆ గదిలో లేచింది.

*"విప్పిన చెయ్యి నాదే,*
*ఒడ్డున నిలిచిన కాళ్ళూ నావే..."*

రెండో పాదం దగ్గర గొంతు పగిలింది. ఎన్నో వందల సార్లు పాడిన మాటల అర్థం ఆయనకి ఇప్పుడే తెలిసినట్టుంది. కళ్ళు తుడుచుకోకుండానే చివరి దాకా పాడాడు.

"గొంతు జారింది. చెరిపెయ్. ఇంకోసారి పాడతాను."

"చెరపను. ఇదే ఉంటుంది" అంది అంపారో.

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. అలవాటుకొద్దీ వేలెత్తి, "ఆ రెకింతో మూడోసారి తిరిగేటప్పుడు నువ్వు..." అని మొదలుపెట్టాడు. భార్య వైపు చూశాడు. వేలు దించాడు.

"బాగుంది" అన్నాడు. ఆ మాట నోటికి కొత్తగా ఉందేమో, మళ్ళీ అన్నాడు. "బాగా వాయించావమ్మా. అన్నీ."

అంపారో తండ్రి మోకాళ్ళ మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎడంచేత్తో ఆ తల నిమురుతూ, "కసిల్దా, ఈ వేళప్పుడు సెఫెరీనో ఇంట్లో ఉంటాడా?" అన్నాడు.

"ఉంటాడు. ఎందుకు?"

"నా టోపీ ఇలా ఇయ్యి. వాడొచ్చి ఇది వినాలి. వాయించడానికి మాత్రం కాదు సుమా! ఇది నా కూతురొక్కత్తే వాయించింది." గుమ్మం దగ్గరికి వచ్చి ఆగాడు. "వాడు తలుపు వేసేస్తేనో?"

"వేస్తే వాకిట్లో నిలబడదాం" అంది కసిల్దా. "పద, నేనూ వస్తున్నాను."