మురికి స్పాంజి

ఇంటి బెల్లు మోగినా తళతళ కుళాయి దగ్గర నుంచి కదల్లేదు. అక్వేరియం ఫిల్టర్లోని స్పాంజిని పిండుతూనే ఉంది. గోధుమరంగు నీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా వదల్లేదు.

ఆ పిల్ల అసలు పేరు రిజిస్టరులోనే ఉంటుంది. బెంచీ మీద పెన్సిల్ పొట్టు కనిపిస్తే తుడిచేదాకా ఊపిరాడదు కాబట్టి, అందరికీ తళతళే. ఈ వారం క్లాసులోని ఉప్పునీటి అక్వేరియం డ్యూటీ తనది. అందులో చిటికెన వేలంత పసుపు చేప ఒకటి ఉంది. దాని పేరు పసుపుకొమ్ము.

"టీచర్ని అడిగావా?" అంది వసపిట్ట. ఈ స్నేహితురాలి నోటికి తాళం ఉండదు.

"శుభ్రం చేయడానికి కూడా అడగాలా ఏంటి?"

తళతళ స్పాంజిని ఫిల్టర్లో పెట్టేసింది. పంపులోంచి వచ్చే నీళ్లు పైన అలలు రేపుతున్నాయి. చేప సరిగా కనపడడం లేదని పంపు మూతిని కిందికి తిప్పింది. నీళ్లు అద్దంలా నిలిచాయి. డ్యూటీ పుస్తకంలో "అంతా బాగుంది" అని రాసి, మురిసిపోతూ ఇంటికెళ్లింది.

మూడో రోజు పొద్దున చూస్తే నీళ్లలో పాలు కలిపినట్టుంది. ఎప్పుడూ అడుగున రాయి చాటున కూర్చునే పసుపుకొమ్ము, పైకొచ్చి నోరు తెరుచుకుని గబగబా ఊపిరి పీలుస్తోంది. "టీచర్!" అని తళతళ కేక వేసింది.

సైన్స్ టీచర్ పరుగున వచ్చారు. "ఎవరైనా ఏమైనా మార్చారా?"

వసపిట్ట ఓరకంట తళతళ వైపు చూసింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ చెప్పకపోతే ఏం చేయాలో టీచర్‌కి కూడా తెలియదు. చేప ఇంకోసారి నోరు తెరిచింది.

"నేనే టీచర్. స్పాంజిని కుళాయి కింద కడిగాను. పంపు కూడా కిందికి తిప్పాను" అంది తళతళ.

టీచర్ తిట్టలేదు. ముందు పంపు మూతిని పైకి తిప్పారు. మళ్లీ అలలు లేచాయి. "పైన నీళ్లు ఇలా కదిలితేనే గాలి లోపల కలుస్తుంది. ఇక స్పాంజి సంగతి. అందులో కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపురముంటాయి. చేప వదిలే మలినాల్లోంచి పుట్టే విషాన్ని అవే తినేస్తాయి. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి అవి చచ్చిపోతాయి."

"అంటే, మురికితో పాటు వాటిని కూడా..." తళతళ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుపు తర్వాత. ముందు పని చూడు."

ఇద్దరూ కలిసి సగం నీళ్లు తోడి, సిద్ధంగా ఉన్న కొత్త ఉప్పునీళ్లు పోశారు. "రేపటికి విషం మళ్లీ పేరుకుంటుంది. ఆ సూక్ష్మజీవులు నిండిన పాత స్పాంజి దొరికితే చేప బతుకుతుంది" అన్నారు టీచర్.

"బడి ఎదురుగా పెంపుడు చేపల షాపుంది కదా టీచర్. నేను తెస్తా!"

షాపాయన తన ఉప్పునీటి ట్యాంకులోంచి జిగురు పట్టిన నల్లటి స్పాంజి ముక్క తీశాడు. తోడొచ్చిన వసపిట్ట ముక్కు మూసుకుంది.

"కొత్తది ఇవ్వనా పాపా?" అని ఆటపట్టించాడాయన.

"వద్దంకుల్. ఎంత మురికిదైతే అంత మంచిది."

వసపిట్ట నోరెళ్లబెట్టింది. తళతళ ఆ ముక్కను ఉప్పునీళ్ల డబ్బాలో ముంచి, చుక్క ఒలకకుండా తెచ్చి ఫిల్టర్లో పెట్టింది.

డ్యూటీ వారం అయిపోయినా తను మానలేదు. రోజూ అరగంట ముందే వచ్చి, నీళ్లు మార్చడానికి బకెట్ మోసింది. టీచర్ ఇచ్చిన మందు చుక్కలు వేశాక పరీక్ష గొట్టంలో నీళ్లు ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు, పసుపుపచ్చగా ఉంటే లేనట్టు. ఆ ముక్క పెట్టిన నాలుగో రోజు ఆకుపచ్చే. ఆరో రోజూ ఆకుపచ్చే. భుజాలు లాగేస్తున్నా పట్టు వదల్లేదు. తొమ్మిదో రోజు గొట్టం పసుపుపచ్చగా వెలిగింది. పసుపుకొమ్ము రాయి చాటునుంచి తొంగి చూసింది.

తర్వాతి డ్యూటీ వసపిట్టది. స్పాంజి పట్టుకుని కుళాయి వైపు నడిచింది.

"ఆగవే!" తళతళ ట్యాంకులోంచి తోడిన పాత నీళ్ల బకెట్ ముందుకు తోసింది. "ఇందులో రెండుసార్లు మెల్లగా పిండు. చాలు."

"ఇంకా మురికిగానే ఉందే!"

"ఉండనీ." ఆ మాట అనడానికి తళతళకు చాలా కష్టమైంది.

తర్వాత డ్యూటీ పుస్తకం తెరిచి తన పేజీ వెతికింది. "అంతా బాగుంది" అన్న మాట కొట్టేసి, కింద రాసింది: "స్పాంజిని కుళాయి కింద కడిగాను. పంపును కిందికి తిప్పాను. పసుపుకొమ్ము చావు తప్పించుకుంది. మీరు అలా చేయకండి."

దాని కింద తన అసలు పేరు రాసింది.