లెక్కపెట్టకూడని మంద

జడ్జిలు రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. పెట్టెలో ఉండాల్సిన అంకెల తెర లేదు.

వికారాబాద్‌లో జిల్లా సైన్స్ ఫెయిర్ జరుగుతున్న హాలు. ఇరవై మూడో నంబరు బల్ల ముందు ముగ్గురు ఆ పెట్టెలోకే చూస్తూ నిలబడ్డారు. పెద్దేముల్ దగ్గరి ఓ ఊరి బడిలో పదో తరగతి చదువుతున్న అశ్విని. ఆమెకు ఫిజిక్స్ చెప్పే జ్యోతిరాణి. తాండూరు నుంచి సైన్స్ వ్యాన్ నడుపుకుంటూ బడి బడికీ తిరిగి, పిల్లల చేత ప్రయోగాలు చేయించే మల్లేశ్.

అశ్విని చేసింది గొర్రెల్ని లెక్కపెట్టే యంత్రం. దొడ్డి గుమ్మానికి బిగిస్తే, ఒక్కో గొర్రె కాంతి గీతను దాటగానే తెర మీద అంకె పెరుగుతుంది. ఇప్పుడా తెరే మాయమైంది. తీగలు తెగలేదు, పెట్టె పగల్లేదు. ఎవరో నాలుగు స్క్రూలు ఓపిగ్గా విప్పి, తెరను మాత్రం పట్టుకుపోయారు.

పదకొండింటికి అశ్విని తండ్రి శివయ్య వస్తున్నాడు. పదో తరగతితో చదువు చాలు, ఇక మంద వెంట పోవాలని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. జ్యోతిరాణి నాలుగుసార్లు ఇంటికెళ్లి బతిమాలితే ఒక్క మెట్టు దిగాడు. జిల్లాలో పిల్ల మిషను నిలబడితే తాండూరు కాలేజీలో ఎంపీసీ. లేకపోతే మందే.

జ్యోతిరాణి మెదడు పోలీసులా పనిచేసింది. నిన్న సాయంత్రం పెట్టె మూసినప్పుడు తెర ఉంది. రాత్రి పెట్టె అశ్విని ఇంట్లో ఉంది. ఆ ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టేవాళ్లు ఇంకెవరున్నారు? పొద్దున పెట్టెను వ్యాన్‌లో తెచ్చింది మల్లేశ్, ఒక్కడే. తనూ అశ్వినీ బస్సులో వచ్చారు. పైగా వారం రోజులుగా ఈ మనిషి, మందకు అంకె ఎందుకు, తెర తీసేయండి అని తనతో వాదిస్తున్నాడు.

మల్లేశ్ పెట్టె మీదకు వంగి, స్క్రూ రంధ్రంలో ఇరుక్కున్న నల్లటి ఉన్ని పోగు ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. జ్యోతిరాణి అది చూసింది.

"మీరు తీసిండ్రా?" అంది నెమ్మదిగా.

"లేదు మేడమ్."

"ఎవరు తీసిండ్రో తెలుసా?"

"తెలుసు. గని చెప్ప."

ఆ మూడు ముక్కలు జ్యోతిరాణికి ఎక్కడో తగిలాయి. పోయిన వారం తాండూరు బస్టాండులో, వేళకాని వేళ కురిసిన వానకు ఒకే రేకు కింద నిలబడినప్పుడు, ఈ మల్లేశే చొక్కా చెయ్యి పిండుకుంటూ పెళ్లి మాట అడిగాడు. ఫెయిర్ అయ్యాక చెప్తానంది. ఇంట్లో నాయన మత్తయ్యకు చెబితే, ఆయన కులం అడగలేదు, జీతం అడగలేదు. మనిషి నమ్మదగినవాడేనా అని అడిగాడు. అవునని నిన్ననే చెప్పి ఉంటే ఎంత పొరపాటు జరిగేదో అనుకుంది.

ఇంతసేపూ అశ్విని ఏడవలేదు. బల్ల మీద మట్టితో చేసిన బుల్లి గొర్రెల్ని అటూ ఇటూ జరుపుతోంది. ఉన్నట్టుండి తలెత్తింది.

"టీచర్, మా నాయన ఎన్ని గొర్రెలున్నయని ఎన్నడు అనడు. ఒక్కొక్కదాని ముఖం చూస్తడు. ఏది రాలేదని అడుగుతడు. గంతే."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దున బయటికి పోయినవన్నీ సాయంత్రం తిరిగొస్తే పచ్చ బల్బు. ఒక్కటి తక్కువైనా ఎర్ర బల్బు. దానికి తెరతో పనేముంది?

మల్లేశ్ వ్యాన్‌కు పరుగెత్తి రెండు బల్బులు తెచ్చాడు. అశ్విని లాప్‌టాప్ ముందు కూర్చుని ప్రోగ్రామ్ మార్చసాగింది. బల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని జ్యోతిరాణి తీగలు వొలుస్తుంటే మల్లేశ్ కలుపుతున్నాడు. వేళ్లు తగిలిన ప్రతిసారీ ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంటోంది, తీగ కోసం మళ్లీ చాపక తప్పడం లేదు.

"గింత కోపంల వొలిస్తె లోపట రాగి గూడ మిగలదు మేడమ్," అన్నాడు.

జ్యోతిరాణి నవ్వలేదు. పైనుంచి అశ్విని నవ్వింది.

జడ్జిలు వచ్చేసరికి రెండు బల్బులూ సరిగ్గా పనిచేస్తున్నాయి. వాళ్ల వెనకే, భుజాన నల్ల గొంగడితో శివయ్య వచ్చి నిలబడ్డాడు. సంఖ్య ఎక్కడ కనిపిస్తుందని ఒక జడ్జి అడిగాడు. అశ్విని తండ్రి వైపు ఒకసారి చూసింది.

"సంఖ్య కనవడదు సార్. పోయినయన్ని తిరిగొచ్చినయా లేదా, గదొక్కటే చెప్తది. మా ఇండ్లల్ల మందను లెక్కవెట్టరు. దిష్టి తగుల్తదని."

అశ్విని బయటికి దాటించిన మట్టి గొర్రెల్లో ఒకదాన్ని జడ్జి చడీచప్పుడు లేకుండా పిడికిట్లో దాచాడు. మిగతావి గుమ్మం దాటి లోపలికి వచ్చాయి. ఎర్ర బల్బు వెలిగింది. దాచింది కూడా దాటించాడు. పచ్చ.

శివయ్య ముందుకొచ్చి తానూ చేస్తానన్నాడు. ఒకదాన్ని గొంగడిలో దాచాడు, తీశాడు, మళ్లీ దాచాడు. యంత్రం ఒక్కసారీ మోసపోలేదు. లోపల మాత్రం లెక్కపెడుతుంది నాయనా అని అశ్విని నిజం చెప్పేసింది.

"లోపట పెట్టుకుంటె పెట్టుకోనియ్యి. బయటికి అనకుంటె చాలు," అన్నాడాయన.

మధ్యాహ్నం రాష్ట్ర పోటీలకు వెళ్లేవాళ్ల జాబితాలో అశ్విని పేరు చదివారు. శివయ్య చప్పట్లు కొట్టలేదు. జ్యోతిరాణి దగ్గరకొచ్చి, ఎంపీసీ ఫారాలు ఎప్పుడిస్తారని మాత్రం అడిగాడు.

మల్లేశ్ వరండాలో సామాన్లు సర్దుతున్నాడు. జ్యోతిరాణి వచ్చి పక్కన నిలబడింది. తెర గురించి అతను ఎందుకంత వాదించాడో ఆమెకిప్పుడు అర్థమైంది. అతని ఇల్లూ మంద మీద బతికిన ఇల్లే. మరి ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగింది. తాను చెబితే అది తన మాటవుతుందని, పిల్ల తనంతట తాను కనుక్కుంటేనే అది ఆమె చదువవుతుందని అన్నాడు.

"తెర ఎవరు తీసిండ్రో నాకు చెప్పకు," అంది జ్యోతిరాణి.

మల్లేశ్ చేతిలో పని ఆగింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"చెప్పకున్న ఫికర్ లేదు. నువ్వు దాస్తున్నవంటె ఎవరి మంచికో దాస్తున్నవ్. ఆదివారం చర్చి అయినంక ఇంటికి రా. మా నాయన అడిగిందానికి జవాబు నీ ముంగటనే చెప్త."

వెనక నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. శివయ్య. ఎప్పటి నుంచి అక్కడున్నాడో తెలియదు.

"గీయన చెప్పడు టీచరమ్మా. చెప్తె నేను అలిగి, పిల్లను కాలేజీకి పంపనని భయం," అన్నాడు తల వంచుకుని. "గా నాలుగు స్క్రూలు విప్పింది నేనే, శివయ్యనే. బిడ్డ చేస్తుంటె పక్కన కూసోని చూసి నేర్చుకున్న."