పద్నాలుగు ‘ఎ’ సీటు

ట్రోమ్సో నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌కి ఉత్తర ధ్రువం మీదుగా ఐదు వేల కిలోమీటర్లు. 2094లో టికెట్ మీద ఆ ప్రయాణ సమయం తొమ్మిది నిమిషాలు. విమానంలో టీ ఇవ్వడం మానేసి మూడేళ్లయింది. తాగే వ్యవధి ఉండదు.

ఈరోజు మాత్రం విమానం లేచి ఇరవై నిమిషాలైంది. తెర మీద ‘ఇంకా ఆరు గంటల నలభై నిమిషాలు’ అని ఉంది.

“ఈ నెలలో ఇది ఏడోసారి!” డాక్టర్ కొప్పరపు మృణాళిని పళ్లు నూరింది. విమానంలోని ‘దూరసంకోచిని’ని కనిపెట్టింది ఆమే. ఇంకో అరగంటలో దిగకపోతే లైసెన్స్ రద్దు చేయడానికి ఫెయిర్‌బ్యాంక్స్‌లో కమిటీ సిద్ధంగా కూర్చుంది.

దూరసంకోచిని విమానాన్ని వేగంగా తోయదు. మధ్యనున్న ఆకాశాన్ని చీర కుచ్చిళ్లలా మడతపెడుతుంది. ఆ మడతను ఒక కొసన విమానం, రెండో కొసన ఫెయిర్‌బ్యాంక్స్ కంట్రోల్ కుర్చీలోని ఇంజనీరు పట్టుకోవాలి. అదిరే గుండెకు మడత ప్రమాదం. అందుకే ప్రతి సీటుకీ, ఆ కుర్చీకీ నాడి చూసే సెన్సర్ పెట్టింది మృణాళిని. ఎవరి గుండె అదిరినా మడత వదులవుతుంది, విమానం పాతకాలపు నడకకి దిగిపోతుంది.

ఆమె పక్కసీటు ముసలాయన మీద విరుచుకుపడింది. “వీర్రాజు గారూ, భయమైతే ముందే చెప్పాలి కదండీ!”

“నాకేం భయం తల్లీ? మధ్యాహ్నం ఫెయిర్‌బ్యాంక్స్‌లో మా మెస్సులో నలభై మందికి వండాలి. బియ్యం నానబెట్టి వచ్చాను. త్వరగా దించండి చాలు.”

“గగనా, ఎవరి సీటు?” విమానం నడిపే యంత్రాన్ని అడిగింది.

“పద్నాలుగు ‘ఎ’. మీదే మేడమ్. ఏడుసార్లూ మీదే. కంట్రోల్ కుర్చీలో ఎవరున్నారో తెర మీద పడగానే మీ నాడి పరుగెడుతోంది.”

తెర మీద పేరు కొప్పరపు సూర్యం. ఆమె తమ్ముడు. ఈ నెల మొదట్లోనే అక్కడికి బదిలీ అయ్యాడు. మడత లెక్క మొదట వేసింది అతనే. పేటెంట్‌లో పద్దెనిమిది మంది పేర్లు రాసిన మృణాళిని అతని పేరు రాయలేదు. ఇంట్లోవాడికి థాంక్స్ చెబితే పరాయివాణ్ణి చేసినట్టుంటుందంది. అక్క తనను అంత సొంతం అనుకుందని సూర్యం పొంగిపోయాడు.

“సరే, సందేశం రాయి. తమ్ముడూ, హడావుడిలో నీ పేరు మరిచిపోయాను.”

తెర మీద అంకె కదల్లేదు.

“సీటు ఒప్పుకోవడం లేదు మేడమ్.”

“నిజం చెప్పెయ్యండమ్మా,” వీర్రాజు విసుక్కున్నాడు. “బియ్యం పులిసిపోతాయి.”

మృణాళిని సీటు చేతిని ఒక్క గుద్దు గుద్దింది. తరువాత గొంతు తగ్గించింది. “మరిచిపోలేదురా. కావాలనే వదిలేశాను. నీ పేరుంటే నన్నెవరూ చూడరనిపించింది.”

అంకె జారింది. తొమ్మిది నిమిషాలు.

“పంపమంటారా?”

“పంపు!”

విమానంలో చప్పట్లు. వీర్రాజు బెల్టు బిగించుకున్నాడు. తొమ్మిది. ఎనిమిది. అంతలో మడత మళ్లీ విచ్చుకుంది. ఆరు గంటలు.

“గగనా! చెప్పేశాను కదా! నా గుండె నిమ్మళంగానే ఉంది కదా!”

“ఇది మీ సీటు కాదు మేడమ్. అవతలి కుర్చీ. సూర్యం గారు మీ సందేశం చదివారు. రెండోసారి చదువుతున్నారు.”