నాలుగో శీలం

కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ఆఫీసు బస్సుల మోత మొదలయ్యే వేళకు రాజయ్య, చంద్రమ్మ స్నానాలు ముగించి బుద్ధుడి ముందు కూర్చుంటారు. హాల్లో టీవీ పక్కన చిన్న విగ్రహం, దాని వెనక అంబేడ్కర్ పటం, ముందు ఒక కొవ్వొత్తి. త్రిశరణం చెప్పుకున్నాక ఇద్దరూ గొంతు కలిపి పంచశీలం పలుకుతారు. ప్రాణం తీయను, ఇవ్వనిది తీసుకోను, తప్పుడు నడత నడవను, అబద్ధమాడను, మత్తు ముట్టను. రాజయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా ఉన్నప్పటి నుంచీ ఇదే అలవాటు.

ఆ ఉదయం మూడోది అయ్యాక రాజయ్య గొంతు ఆగిపోయింది. నాలుగోది చంద్రమ్మ ఒక్కతే పలికింది. అయిదో దాంట్లో ఆయన మళ్ళీ వచ్చి కలిశాడు. కొన్నాళ్ళుగా ఇదే వరస. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంటోంది. ఆ రోజు ఊరుకోలేదు.

"ఏందయ్యా, రోజూ నాలుగోది మింగుతున్నవ్?"

"గొంతుల కిచ్‌కిచ్ అయితుంది."

"మిగిలిన నాలుగిటికి కాని కిచ్‌కిచ్ దానికే అయితదా? నాతోని ఏదో దాస్తున్నవ్."

రాజయ్య కొవ్వొత్తి కేసి చూస్తూ కూర్చున్నాడు. అబద్ధం ఆడటం ఆయనకు ఎన్నడూ సరిగా చేతకాలేదు. చేతకాని ఆ పనిని ఈ వయసులో కొడుకు దగ్గర నేర్చుకోవలసి వచ్చింది.

"నా దగ్గర నువ్వు దాసింది జన్మల ఒక్కటే," అంది చంద్రమ్మ. "పొద్దుగూకంగనే కిందికి పోతున్నవ్. కండ్లు ఎర్రగ చేసుకొని, మొహం కడుక్కొని పైకొస్తున్నవ్. మల్ల తాగుతున్నవా?"

ఒకప్పుడు ఆయన డిపో నుంచి తిన్నగా ఇంటికొచ్చిన రోజు ఉండేది కాదు. చంద్రమ్మ అన్నం మానేసి, లేవలేని స్థితికి వచ్చాకే భయపడి తాగుడు మానేశాడు. ఎవరో బౌద్ధ విహారానికి తీసుకెళ్ళారు. అక్కడ పట్టుకున్న అయిదో శీలాన్ని ఈ నాటికీ వదల్లేదు. సాయంత్రాలు ఆయన కిందికి వెళ్ళేది కార్ల పార్కింగులో స్తంభం చాటున నిలబడి ఏడవడానికి.

బూట్లు తొడుక్కుంటున్న కొడుకు నరేందర్ అంతా విన్నాడు. ఏం చేయాలో ఒక్క క్షణం ఆలోచించినట్టున్నాడు.

"అవునమ్మా," అన్నాడు తలెత్తకుండా. "నేనే చూసిన. నీకు చెప్పొద్దన్నడు నాయిన."

చంద్రమ్మ భర్త వైపు చూసింది. రాజయ్య తల దించుకున్నాడు. ఆమెకు అంతకు మించిన జవాబు అక్కర్లేకపోయింది. కొవ్వొత్తి ఆర్పి లోపలికి వెళ్ళిపోయింది.

కొడుకును లిఫ్ట్ దగ్గర పట్టుకున్నాడు రాజయ్య. వెనకే కోడలు ప్రశాంతి కూడా వచ్చింది.

"ఎంత మాటన్నవ్ రా!"

"మాఫ్ చెయ్యి నాయినా. ఇంకేం చెప్పాలె? అమ్మకొచ్చింది కాన్సర్ అని ఆమెకే చెప్పాలెనా? డాక్టర్ ఏమన్నడు? కాలేయం దాక పాకింది, కోసి తీసే రోజులు పోయినయి, నొప్పి తెల్వకుండ సూసుకోండి అన్నడు. అమ్మ భయస్తురాలు. విన్న రోజే పోతది."

"అలాగని ఇంత నింద మోయమనడం తప్పండి," అంది ప్రశాంతి. ఆమెది గుంటూరు వైపు. "మామయ్య గారు ఆ అలవాటు మానడానికి ఎంత పడ్డారో మీకే తెలుసు కదా."

"తెలుసు. అందుకే అమ్మ నమ్మింది," అని నరేందర్ లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు.

రాజయ్యకు కోపం రాలేదు. నా పరువు పోతే పోయింది, ఆమె గుండె నిబ్బరంగా ఉంటే చాలనుకున్నాడు. మంచివాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి. త్యాగం చేస్తున్నామనుకుని చేస్తారు, దెబ్బ మాత్రం ఎవరి కోసం చేశారో వాళ్ళకే తగులుతుంది.

ఆ వారమంతా చంద్రమ్మ ఆయనతో మాట్లాడలేదు. పొద్దున విగ్రహం ముందు ఒంటరిగా కూర్చుంది. ఆయన కలిపిచ్చిన మజ్జిగ తాగలేదు. ఆయన పక్కన నిలబడితే ముక్కు చిట్లించి గాలి పీల్చి చూసేది. వాసన లేకపోతే మరింత అనుమానపడేది. వారం తిరిగేసరికి పాత ఆయుధాన్నే బయటికి తీసింది.

"అత్తయ్యా, మాత్ర వేసుకోలేదేం?" అని అడిగింది ప్రశాంతి.

"వేసుకోనమ్మా. ఆయన మానిండని నాకు నమ్మకం కుదిరేదాక ముట్ట. కడుపుల పుండే కదా, దానంతటదే మాన్తది."

పుండుకని చెప్పి ఇస్తున్నది నొప్పి అణిచే మందు. ఆ సంగతి ఆమెకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. సాయంత్రానికి ఆమె మంచం మీద మెలికలు తిరిగిపోతోంది. అరుపు బయటికి రాకుండా తువ్వాలు కొస నోట్లో కుక్కుకుంది. ప్రశాంతి ఫోన్ చేస్తే నరేందర్ మీటింగు మధ్యలోంచి లేచి పరిగెత్తుకొచ్చాడు.

"గోలీ వేసుకో అమ్మా, నీకు దండం పెడ్త. నాయిన మానేసిండు. ఇగ ముట్టడు."

"నువ్వు చెప్తే కాదు. ఆయన్ను చెప్పమను."

నరేందర్ తండ్రికి కళ్ళతో సైగ చేశాడు. మానేశానని ఒక్క మాటంటే చాలు. ఆమె గోలీ మింగుతుంది, నొప్పి తగ్గుతుంది, గండం గడుస్తుంది. రాజయ్యకూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెమటకు తడిసిన ఆమె మొహం చూశాక, ఈ బాధతోనే, తన మీద ఈ అసహ్యంతోనే ఆమె వెళ్ళిపోతుందని భయం వేసింది. వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

"నేను తాగలే చంద్రమ్మా. ఒక్క చుక్క ముట్టలే. కిందికి పోయి ఏడుస్తున్న."

"ఎందుకు?"

"నాయినా, వద్దు!" అని అరిచాడు నరేందర్.

"నీ కడుపుల ఉన్నది పుండు కాదు. కాన్సర్. శానా దూరం పాకింది. తీసేటట్టు లేదన్నరు. ఎక్కువ దినాలు లేవన్నరు."

నరేందర్ గోడకు తల ఆనించాడు. చంద్రమ్మ తువ్వాలు తీసి భర్త మొహాన్ని తేరిపార చూసింది.

"అయితే తాగలేదా?"

"లే."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుంది. మాసిన గడ్డం ఉన్న ఆయన చెంపను అరచేత్తో నిమిరింది. అంత నొప్పిలోనూ ఆమె మొహం తేటపడింది. ప్రశాంతి అందించిన గోలీని మారు మాట్లాడకుండా మింగింది. కాన్సర్ అన్న రెండో మాట అర్థం కావడానికి మాత్రం చాలాసేపు పట్టింది. నొప్పి కాస్త సడలాక కొడుకును పిలిచింది.

"ఇటు రా రా. ఎన్ని దినాల సంది తెలుసు?"

"దీపావళి ముందర సంది."

"ఇన్నేండ్లు విహారంల కూసొని ఏం విన్నం రా? దుఃఖం ఉన్నదని ఎరుక చేసుకునుడే మొదలన్నరు కదా. నా దుఃఖమే నాకు చెప్పకపోతే నేను దేన్ని దాటాలె? నా సావు నాది కాదా? నాకు తెల్వకుండ మీరు ముగ్గురూ పంచుకున్నరు."

"నీకు భయమైతదని..."

"భయమైతే కానీయ్! వారం దినాలు ఈ మనిషిని దొంగను సూసినట్టు సూసిన. ఇగ ఉన్నయే కొన్ని. అండ్లకెల్లి వారం పోయింది. ఎవరు తెచ్చిస్తరు నాకు?"

నరేందర్ నేల మీద కూలబడి తల్లి కాళ్ళు పట్టుకున్నాడు. ఆఫీసులో ఎందరికో జవాబు చెప్పే మనిషి చిన్నపిల్లవాడైపోయాడు.

"నాకే భయమైందమ్మా," అన్నాడు వెక్కుతూ. "నీకు చెప్తే అది నిజమైపోతదని భయమైంది. నీ కోసమని నాకు నేనే చెప్పుకున్న. నీ కోసం కాదమ్మా, నా కోసమే."

చంద్రమ్మ అతని జుట్టును వేళ్ళతో దువ్వింది. కోడలిని కూడా రమ్మని మంచం అంచున కూర్చోబెట్టుకుంది. ఆమె స్థిమితపడిందనే అందరూ అనుకున్నారు. అప్పుడు ఆమె భర్త వైపు తిరిగింది.

"నాకు సావాలని లేదయ్యా," అంది రాజయ్యతో. "ఇంకా కొన్నేండ్లు మీతోని ఉండాలని ఉన్నది."

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరికి వాళ్ళు మూలకు పోయి ఏడ్చిన మాట అది. రాజయ్య ధైర్యంగా ఉండమని గానీ, ఏడవొద్దని గానీ అనలేదు. ఆమె చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, పార్కింగు స్తంభం చాటున ఏడ్చే ఏడుపు ఆమె కళ్ళ ముందే ఏడ్చాడు.