షోకేసులో కప్పులు

“మీ సెట్టింగుల ఫైలు దొరకలేదంటోందండీ కంప్యూటర్!” అని షెడ్డులోంచి అరిచింది తహసీన్.

చెరువు గట్టు మీదున్న ఫిరోజ్ గుండె కొల్లేట్లోకి జారింది.

తాడేపల్లిగూడెంలో ఇద్దరూ నాలుగేళ్ళు ఒకే ఇంజనీరింగ్ క్లాసు. ఇంకా ‘అండీ’ దాటలేదు. చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గితే నీళ్ళు చిలికే ఏరేటర్లు వాటంతటవే తిరిగేలా ప్రోగ్రాం రాశారు. మోటార్లు బిగించింది తహసీన్ తండ్రి, ఏలూరు మెకానిక్ జానీ గారు. ఫిరోజ్ పిల్లనడిగితే ఆయన ఒకటే మాటన్నారు: “ముందు నా మోటార్లు తిప్పు బాబూ. తర్వాత మీ అమ్మగార్ని పంపు.”

ఇవాళ ఆకాశం నిండా మబ్బు, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయింది. మొదటి బంతిలో చోటు దొరకని పెళ్ళివారిలా చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

“చేత్తో వేసెయ్యనా?” అన్నారు జానీ గారు, వేలు స్విచ్చి మీద పెట్టి.

“ఒక్క నిమిషం అంకుల్!” అంటూ షెడ్డులోకి పరిగెత్తాడు ఫిరోజ్.

తహసీన్ కోడ్ చూపించింది. “ఇదేంటండీ? ఫైలు అడ్రసు ‘సి డ్రైవ్, యూజర్స్, ఫిరోజ్, డెస్క్‌టాప్, న్యూ ఫోల్డర్ టూ’నా? ఈ కంప్యూటర్‌లో ఫిరోజ్ ఎవరండీ?”

“మా ఇంట్లో బాగానే నడిచిందండీ.”

“మీ ఇంట్లో చేపల్లేవుగా!”

కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యని కీబోర్డు మీద టకటకా కొట్టి, అడ్రసంతా చెరిపేసి ఫైలు పేరొక్కటే ఉంచింది. ఫైలు దొరికింది! ఫిరోజ్ గంతేశాడు.

“ఆగండి. కరెంటు పోయొస్తే?” అంటూ, మోటార్లు అందుకునేలోపే కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది.

ఫైలు దొరకలేదు.

“ఇందాక ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లోంచే నడిపాం, ఫైలు పక్కనే దొరికింది. ఇప్పుడు ఆన్ అవగానే విండోస్ దానంతటదే ఇంకెక్కడినించో నడిపింది, అక్కడ వెతికింది” అని తల పట్టుకున్నాడు ఫిరోజ్. అంతలోనే లేచాడు. “ఎవరు ఎక్కడినించి నడిపితే మనకేంటండీ? ప్రోగ్రాం ముందు తానెక్కడుందో చూసుకుని, తన పక్కనే వెతుక్కోమందాం!”

“ఇది మొదటే రాయొచ్చుగా?”

“మీరు పక్కనుంటే బుర్ర పనిచెయ్యదండీ.”

తహసీన్ చెవులు ఎర్రబడ్డాయి. ఇద్దరూ కలిసి రెండు లైన్లు మార్చారు. మళ్ళీ ఆపి, మళ్ళీ వేశారు.

ఒక్కసారిగా మోటార్లన్నీ గర్జించాయి! ఏరేటర్లు తెల్లటి నురగ చిమ్మాయి! ఇద్దరూ గట్టు మీదికి పరిగెత్తారు.

జానీ గారు స్విచ్చి మీంచి వేలు తీశారు. “ఆదివారం మీ అమ్మగార్ని రమ్మను. షోకేసులో కప్పులు తీయిస్తాను.”

ఆ కప్పుల్లో ఇంతవరకూ ఎవరూ టీ తాగలేదు. అంతకన్నా పెద్ద మర్యాద ఆ ఇంట్లో లేదు.

“నన్నెవరైనా అడిగారా?” అంది తహసీన్ నడుమున చేతులు పెట్టుకుని.

మోటార్ల హోరులో ఫిరోజ్ గొంతు చించుకున్నాడు. “మీరంటే నాకిష్టమండీ!”

“ఏంటీ?”

“ఇష్టమండీ! పెళ్ళి చేసుకుంటారా?”

“వినపడట్లా!”

అవతలి గట్టు నుంచి మేత వేసే మంగ కేకేసింది. “అమ్మాయ్! నువ్వంటే ఇష్టమంట! చేసుకుంటావో లేదో చెప్పెయ్యవే తల్లీ, నేను మేతెయ్యాలి!”

తహసీన్ నవ్వు ఆపుకోలేక ఫిరోజ్ చెవి దగ్గరికొచ్చింది.

“మొదటిసారే వినపడిందండీ. బాగుందని మళ్ళీ చెప్పించుకున్నాను.”