నల్లా స్టేషన్

ఆ స్టేషన్ ఖతర్‌లో లేదు. ఖతర్‌లో అప్పటికి రైలే లేదు, చెప్పుకోదగ్గ కొండా లేదు. అయినా దాని చెడ్డపేరు పుట్టింది మాత్రం దోహాలోనే. ఇక్కడి పెద్దిళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళను గద్దామాలంటారు. వేసవిలో యజమానుల వెంట స్విట్జర్లాండ్ వెళ్ళొచ్చిన గద్దామాలు, పార్కులో పిల్లల్ని ఆడిస్తూ ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు చెప్పుకునేవారు.

"కొండ మీద, రెండు దేశాల నడుమ రైలు ఆగుతది. ప్లాట్‌ఫారం మీద ఒక నల్లా ఉంటది. ఏమన్న గానీ... అక్కడ దిగొద్దు."

అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ నల్లా స్టేషన్, అంటే కుళాయి ఉన్న స్టేషన్ అనేవారు.

నాకు దెయ్యాలంటే భయం లేదు. నా భయమల్లా ఫారాలంటేనే. దోహాలో, అబూ హమూర్‌లోని మా ఇంట్లో ప్రతి శుక్రవారం మనవాళ్ళకు ఎంబసీ అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. సేవ చేద్దామని కాదు — తప్పులతడక అర్జీ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అందుకని.

1997 సెప్టెంబర్‌లో ఒక శుక్రవారం, టాక్సీ నడిపే గౌస్ మొహియుద్దీన్ ఫోన్ చేశాడు.

"రామమోహన్ సాబ్, గౌరవ్వ అని ఒక గద్దామా వస్తది. నేనూ చూడలే, ఎవరో చెప్పి పంపిన్రు. ఊరికి పోవాల్నట. జర అర్జీ రాయండి."

పొద్దుగూకాక, మగ్రిబ్ నమాజు పిలుపు ఆగాక వచ్చింది. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా, తల మీంచి నల్ల గుడ్డ. "గౌరవ్వ నువ్వేనా?" అన్నాను. తల ఊపినట్టే అనిపించింది. మా ఆవిడ శకుంతల టీ తెచ్చి ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె గ్లాసు ముట్టుకోలేదు.

ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పమన్నాను. చెప్పింది — గుసగుసగా, మాటకీ మాటకీ మధ్య చాలాసేపు ఆగుతూ.

గౌరవ్వ జగిత్యాల దగ్గరి మనిషి. ఆ ఇంట్లో చేరి ఏడాది. విమానం దిగిన రోజే కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, ఆమె పాస్‌పోర్టు తీసేసుకున్నాడు. ఇక్కడ అది మామూలే. ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ ఒక కట్టగా పేర్చి, రబ్బరు బ్యాండు వేసి, మేడమ్ తన సంచిలో పెట్టుకునేది. సెప్టెంబర్‌లో ఊరికి పంపుతామన్నారు. నాలుగేళ్ళ కొడుకు ఎదురుచూస్తున్నాడు. గౌరవ్వ ఆ నెల కోసమే పంటి బిగువున రోజులు నెట్టింది.

ఆగస్టులో కఫీల్, మేడమ్, పాలు తాగే పసిపిల్ల, గౌరవ్వ స్విట్జర్లాండ్ వెళ్ళారు. ఒక సాయంత్రం, కొండలెక్కి ఇటలీలోకి దిగే ఎర్ర రైలు ఎక్కాలి. బయల్దేరే ముందు, అదే హోటల్లో దిగిన ఇంకో ఇంటి గద్దామా ఖమర్ సుల్తానా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీకంటె ముందు మీ మేడమ్ కాడ తిరుమల అని ఉండె. రెండేండ్ల కింద నల్లా స్టేషన్ల సీసా కడగనీకి దిగింది. మన రైలు తీరు కూత పెడతదనుకుంది..."

ఈ పొరపాటు మనవాళ్ళే చేస్తారు. కాజీపేటలో రైలాగితే దిగి, నీళ్ళు పట్టుకుని, మొహం కడుక్కుని, కూత వినపడ్డాక నింపాదిగా నాలుగడుగులు పరుగెత్తి ఎక్కే అలవాటు మనది. ఆ కొండ రైలు కూత పెట్టదు. నిమిషం కాగానే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. తిరుమల చేతిలో సీసాతో అక్కడే ఉండిపోయింది. చేతిలో ఒక్క కాగితం లేదు. వచ్చిన భాష ఎవరికీ అర్థం కాదు. రైలు పోయిన దారినే, పట్టాల వెంట సొరంగంలోకి నడిచిందట... బయటికి రావడం ఎవరూ చూడలేదు.

కఫీల్ దోహా వచ్చి, "పారిపోయింది" అని పోలీసులకు రాసిచ్చేశాడు. ఇక వెతికినవాడు లేడు. అది వింటుంటే ఆ మనిషి మీద కోపంతో పళ్ళు పటపట కొరికాను.

రైలెక్కారు. గౌరవ్వ కిటికీ పక్కన కూర్చుంది.

చూసేవాళ్ళకు అదంతా అందమే. పాలు కలిపినట్టున్న సరస్సులు, ఆగస్టులో కూడా కరగని మంచు. రైలు కొండకు చుట్టుకుంటూ పైకి పోతోంది. మలుపు తిరిగితే వెనక పెట్టెలు కనిపిస్తున్నాయి. ఇంకో మలుపు తిరిగితే — పైన, దూరంగా, ఒక చిన్న ప్లాట్‌ఫారం. దాని మీద ఒక మనిషి.

రైలు తిరిగింది. ప్లాట్‌ఫారం కొండ వెనక్కి పోయింది.

మళ్ళీ కనిపించింది. ఈసారి దగ్గరగా. నల్లటి బట్టలు. పక్కన నల్లా.

మూడోసారి కనిపించేసరికి ఎండ కొండ వెనక్కి దిగిపోయింది. ఆ మనిషి కదల్లేదు. కానీ మూడుసార్లూ ఆ మొహం సరిగ్గా గౌరవ్వ కిటికీ వైపే తిరిగి ఉంది...

రైలు ఆగింది.

అప్పుడే పసిపిల్ల గుక్కపెట్టి ఏడవడం మొదలెట్టింది. సీసా ఖాళీ. మేడమ్ తలెత్తకుండానే సీసా చాచింది.

"యల్లా! మాయ్!" నీళ్ళు తెమ్మని.

"ఇక్కడ వద్దు మేడమ్..."

మేడమ్ ఒళ్ళోని సంచి మీద చేత్తో కొట్టింది. "పాస్‌పోర్ట్ మాఫీ! ఊరు మాఫీ!"

మాఫీ అంటే వాళ్ళ భాషలో లేదు అని. అంతకంటే చెప్పక్కర్లేదు. గౌరవ్వ సీసా తీసుకుని తలుపు దగ్గరికి నడిచింది. తెలివిగానే ఆలోచించింది — ఒక కాలు మెట్టు మీదే ఉంచింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది. రెండో చేత్తో సీసా నల్లా వైపు చాపింది. అందలేదు. రెండు మూరలు తక్కువ.

నల్లా పక్కనున్న ఆడమనిషి చెయ్యి చాపింది.

"ఇయ్యి అక్కా... నేను పట్టిస్త."

తెలుగు! ఆ కొండ మీద, ఆ చలిలో, సొంత జిల్లా మాట. గౌరవ్వ మనసు కరిగిపోయింది. ఖమర్ సుల్తానా చెప్పిందంతా ఆ క్షణం మరిచిపోయింది. పిచ్చిది, ఊరి మాట వినపడితే దెయ్యమని ఎట్లా అనుకుంటుంది!

సీసా ఇచ్చింది. "మీదే ఊరు చెల్లె?" అని కూడా అడిగింది.

సీసాలో నీళ్ళు నిండాయి. తిరిగిచ్చేటప్పుడు ఆ చెయ్యి సీసాను వదల్లేదు. గౌరవ్వ మణికట్టును పట్టుకుంది.

"రెండేండ్లాయె అక్కా, నిలబడి. రాత్రయితే నల్లాల నీళ్ళు గడ్డకడతయ్. చూపు కూడా గడ్డకడతది..." ఇంకా మెల్లగా — "నా పాస్‌పోర్ట్ మీ మేడమ్ సంచిలనే ఉన్నది. దిగు. నీ సీటు నాకియ్యి."

లాగింది. తలుపు మూసుకోవడం మొదలెట్టింది...

ఆమె చెప్పడం ఆపేసింది. నా చేతిలో పెన్ను ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు.

"తర్వాత?"

"తలుపు మూసుకున్నది సారూ. రైలు సొరంగంలకు వోయింది."

"తప్పించుకున్నావన్నమాట!" అన్నాను, ఊపిరి వదులుతూ.

"సొరంగం దాటినంక ఆఫీసర్ వచ్చి కట్ట తీసుకున్నడు. ముద్ర కొట్టిండు. పోయిండు."

"నీ వాలకం చూసి మేడమ్ ఏమీ అడగలేదా?"

"సీసా నిండి ఉన్నది గద. ఆమెకు గదే కావాలె."

అబాయా లోంచి రెండు పాస్‌పోర్టులు తీసి బల్ల మీద పెట్టింది. మేడమ్ సంచిలోంచి తీసుకొచ్చేశానంది. నాకు మళ్ళీ ధైర్యం వచ్చింది. కాగితాలు కదా, నా రాజ్యం.

మొదటిది తెరిచాను. గౌరవ్వ. గుండ్రటి మొహం, ముక్కుకు రెండువైపులా పుడకలు. ముద్రలు చూశాను. దోహా నుంచి వెళ్ళినది ఉంది. స్విట్జర్లాండ్‌లో దిగినది ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఇటలీ ముద్ర లేదు. దోహాకు తిరిగొచ్చిన ముద్ర లేదు. ఆ పాస్‌పోర్టు ప్రకారం ఈ మనిషి ఇంకా ఆ కొండల్లోనే ఉంది.

"ఇదేమిటి, ఇంత తప్పు..." అని సణుక్కుంటూ రెండోది తెరిచాను.

తిరుమల. వీసా గడువు ఎప్పుడో తీరిపోయింది. కానీ చివరి పేజీలో ఇటలీ ముద్ర, మూలన చిన్న రైలు బొమ్మతో. తేదీ ఈ ఆగస్టుది. దాని కింద దోహా ముద్ర. సిరా ఇంకా తడిగానే ఉన్నట్టుంది.

ఫోటో చూశాను. కోల మొహం. ఎడమ కనుబొమ్మను తెగ్గొట్టిన మచ్చ.

తల ఎత్తాను.

ఆమె తల మీది గుడ్డ వెనక్కి తోసుకుంది. కోల మొహం. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. ముక్కుకు పుడకలు లేవు. కుట్టించుకున్న గుర్తులూ లేవు.

"మరి... మీ యజమానులు... మనిషి మారిందని..."

"గద్దామా మొహం ఎవరు చూస్తరు సారూ? నల్లగుడ్డ చూస్తరు. చేతిల సీసా చూస్తరు. నెలాయె... ఎవరూ చూడలే."

బల్ల మీది టీ గ్లాసు కేసి చూశాను. సెప్టెంబర్ ఉక్కపోతలో, దోహాలో, ఆ టీ మీద సన్నటి మంచుపొర కట్టి ఉంది.

"గౌరవ్వ?" అన్నాను.

"నల్లా కాడ ఉన్నది." ఆ గొంతులో జాలి లేదు. అలసట మాత్రం ఉంది. "నేను రెండేండ్లు నిలబడ్డ. ఇప్పుడు ఆమె వంతు. రాయి సారూ... నేను ఇంటికి పోవాలె."

రాశాను. ఎందుకు రాశావని అడగొద్దు. సిగ్గుగానే ఉంది. పేరు దగ్గర తిరుమల అని రాశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఆమె అర్జీ తీసుకుంది. తన పాస్‌పోర్టు తీసుకుంది. రెండోది నా వైపు జరిపి లేచింది.

"ఇది నీ కాడ ఉంచు. ఆమె అడుగుతది."

ఎంబసీలో ఇచ్చేద్దామని మూడుసార్లు బయల్దేరాను. ఎక్కడ దొరికిందంటే ఏమని చెప్పాలో తోచక మూడుసార్లూ వెనక్కొచ్చాను. గౌరవ్వ పాస్‌పోర్టు ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. ఎంత ఎండ కాస్తున్నా ఆ సొరుగు పిడి చల్లగా తగులుతుంది.

వేసవి వస్తే పిల్లలు మంచుకొండలు చూద్దామంటారు. నేను కాకినాడే తీసుకెళ్తాను. దారిలో కాజీపేటలో రైలు ఆగితే, శకుంతల నీళ్ళసీసా ఇచ్చి దిగమంటుంది.

నేను దిగను. ప్లాట్‌ఫారం మీద నల్లా పక్కన ఎవరున్నారో... కిటికీలోంచి తొంగి కూడా చూడను.