పిచ్చుక మీద ఒట్టు

ఆదివారం పూట ఆ ఇంట్లో ఏడు దాటితేగానీ ఎవరూ దుప్పటి తీయరు. ఆ రోజు మాత్రం అయిదున్నరకే వంటింట్లో లైటు వెలిగింది. ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం ముందు నిలబడి, పరీక్షకు వెళ్లబోయే పిల్లలాగా ఆ ఇంటి కోడలు పైకి చదువుతోంది. పిల్లల డాన్సు పోటీ నడిపేవాళ్లు పంపిన కాగితం అది. ‘పోటీ రోజున ఏమేం జరుగుతుంది’ అని పైన పెద్ద అక్షరాలు ఉన్నాయి.

"ఎనిమిదింటికల్లా హాలు దగ్గరుండాలి. నంబరు వీపుకి తగిలించుకోవాలి. పక్క గదిలో అరగంట ప్రాక్టీసు. స్టేజీ మీద మూడు నిమిషాలు. పాట మధ్యలో ఆగినా డాన్సు ఆపకూడదు. వింటున్నావా?"

"వింటున్నానమ్మా. నాకే కాదు, ఆ ఫ్రిజ్‌కి కూడా కంఠతా వచ్చేసింది," అంది కూతురు.

ఆ పిల్లకి పద్నాలుగేళ్లు. నడవమంటే గెంతుతుందని చిన్నప్పుడే నానమ్మ పిచ్చుక అని పిలిచింది. పేరు అలాగే స్థిరపడిపోయింది. వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. తొలి ట్రిప్పుకి వెళ్తూ వెళ్తూ, "పిచ్చుకని అదరగొట్టెయ్యమను" అని, పిల్ల ఇంకా నిద్రలో ఉండటంతో, నానమ్మకి చెప్పిపోయాడు.

బల్ల చివర కూర్చున్న నానమ్మ పాలగ్లాసు పట్టుకుందే గానీ తాగడం లేదు. ఆమె చూపంతా మనవరాలి కంచంలో సగం కొరికి వదిలేసిన రొట్టె మీదే ఉంది.

"తినవే. ఖాళీ కడుపుతో ఎలా ఆడతావు?"

"దిగడం లేదు నానమ్మా."

"భయం అత్తయ్యా, పోటీకి వెళ్లే పిల్లలందరికీ మామూలేనట. కాగితంలో అది కూడా రాశారు," అంది కోడలు.

నానమ్మ భయం గురించి మాత్రం ఏ కాగితంలోనూ రాయలేదు.

మూడు వారాల కిందట ఒక మధ్యాహ్నం, కోడలు కుట్టుపనికి దుకాణానికి వెళ్లాక, పిచ్చుక ముందుగదిలో పాట పెట్టుకుని ప్రాక్టీసు చేస్తోంది. గిరగిరా తిరుగుతున్న పిల్ల అలాగే నిలువునా కూలిపోయింది. జారి పడలేదు, కాలు మెలిక పడలేదు. పాట మోగుతూనే ఉంది, పిల్ల కళ్లు తేలేసింది. నానమ్మ పిల్ల మొహాన నీళ్లు కొట్టింది, చెంపలు తట్టింది, పేరు పెట్టి పిలిచింది. నిమిషం తర్వాత పిల్ల కళ్లు తెరిచాక ప్రాణం తిరిగొచ్చింది. ఎవరి ప్రాణమంటే నానమ్మదే.

లేచిన పిల్ల చేసిన మొదటి పని నానమ్మ చెయ్యి తీసి తన తల మీద పెట్టుకోవడం. "అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి. చెబితే పోటీకి పంపదు. నా మీద ఒట్టు."

నానమ్మ వేసింది. ఆ క్షణంలో పిల్ల ఏది అడిగినా చేసేదే. సాయంత్రానికి గానీ తాను ఏం చేసిందో ఆమెకి అర్థం కాలేదు. ముప్పయ్యేళ్లు పెద్దాసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. స్పృహ తప్పిన పిల్లల్ని ఎంతమందిని స్ట్రెచరు మీద తోసుకెళ్లిందో! ప్రతిసారీ డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఆడుతుండగా పడిందా, ఆట ఆపాక పడిందా? ఆపాక పడితే వాళ్ల మొహాలు కాస్త తేటపడేవి. ఆడుతుండగానే పడిందంటే ఎవరూ నవ్వేవారు కాదు, గుండె పరీక్షలకి పరుగులు పెట్టించేవారు.

పిచ్చుక ఆడుతుండగా పడింది.

చెబితే పిల్ల తల మీద వేసిన ఒట్టు తప్పినట్టు. చెప్పకపోతే ఆ తలకే ముప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిండి సరిగ్గా తినక నీరసం వచ్చిందేమో అని తనకి తాను సర్ది చెప్పుకుంది. గుడ్లు పెట్టింది, పాలు తాగించింది, అరటిపళ్లు తెచ్చింది. మూడు వారాలూ పిల్ల పాట పెట్టినప్పుడల్లా వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఎనిమిదింటికి ముగ్గురూ హాలు చేరారు. లోపల కాలు పెట్టేందుకు సందు లేదు. నడవా పొడుగునా తల్లులు పిల్లల జుట్లకి పిన్నులు గుచ్చుతున్నారు. ఒక పాప ఏడుస్తోంది, ఇంకో పాప అద్దం ముందు తనతో తానే లెక్క పెట్టుకుంటోంది. గోడ అవతలి నుంచి పాటలు, చప్పట్లు, మైకులో నంబర్లు వినిపిస్తున్నాయి. ఒక నంబరు పిలిచినప్పుడల్లా నడవాలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి మాట ఆపేస్తున్నారు.

పక్క గదిలో అరగంట ప్రాక్టీసు అన్నారు. పది నిమిషాలకే పిచ్చుక బయటికి వచ్చి గోడకి ఆనుకుంది. పెదాలకి రాసిన రంగు చుట్టూ మొహం తెల్లబడటం నానమ్మకి కనిపించింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి చూసింది. నాడి పరుగెడుతోంది, నడుమ ఎక్కడో ఒక దెబ్బ తప్పుతోంది. తప్పుతోందా, తన లెక్కే తప్పుతోందా?

"మళ్లీ అలా అయ్యిందా?"

"కళ్లు తిరిగాయంతే. ఒట్టు గుర్తుందిగా నానమ్మా?"

అప్పుడే కోడలు నంబరు కాగితంతో వచ్చింది. "వెనక్కి తిరుగు, తిరుగు. నీ ముందు ఇంకొక్కరే ఉన్నారు," అంటూ నాలుగు పిన్నీసులు పెదాల మధ్య పట్టుకుంది. దుకాణంలో పొద్దస్తమానం అలాగే పనిచేస్తుంది కాబట్టి అది ఆమెకి అలవాటే. పిచ్చుక వీపు మీద కాగితం సరిచేసి మొదటి పిన్నీసు గుచ్చింది.

నానమ్మ ఒక్క అడుగు ముందుకేసింది. మనవరాలి తల మీద చెయ్యి పెట్టి తీసేసింది.

"ఒట్టు తీసి గట్టున పెట్టేశానే."

"నానమ్మా, అదేంటి! అది చిన్నపిల్లలు ఆటల్లో అనే మాట!"

"నేను వేసింది కూడా చిన్నపిల్ల మాట పట్టుకునేగా," అని నానమ్మ కోడలి వైపు తిరిగింది. "అమ్మా, దీన్ని స్టేజీ ఎక్కనివ్వద్దు. మూడు వారాల కిందట ఇంట్లో ఆడుతూ ఆడుతూ పడిపోయింది. నిమిషం పాటు ఒంటి మీద తెలివి లేదు. ఇప్పుడు మళ్లీ కళ్లు తిరిగాయంటోంది. నీకు చెప్పకుండా దాచాను. నన్ను ఏమన్నా అను, దాన్ని మాత్రం పంపకు."

కోడలి నోట్లో మూడు పిన్నీసులున్నాయి. ఆమె కేకలేయలేదు. ఒక్కొక్క పిన్నీసూ తీసి అరచేతిలో పెట్టుకుంది. ఆ మూడూ తీయడానికి పట్టినంత సేపు నానమ్మ జీవితంలో ఇంకేదీ పట్టలేదు.

"ముప్పయ్యేళ్లు ఆసుపత్రిలో చేశారు," అంది చివరికి, గొంతు పెంచకుండా. "ఎవరికి తెలియకపోయినా మీకు తెలుసు కదా అత్తయ్యా! ఎలా దాచారు? నా బిడ్డకి ఏమన్నా అయితే..."

మాట అక్కడే తెగిపోయింది. గోడ వారగా ఉన్న బెంచీ మీద కూలబడింది.

"మిమ్మల్ని అనడానికి నాకు నోరెక్కడిది?" అంది. "నేనూ చూశాను. పోయిన వారం రాత్రి, పాట పెట్టకుండానే ఆడుతూ, ఇది గోడ పట్టుకుని జారి కింద కూర్చుంది. తలుపు సందులోంచి చూశా. లోపలికి పరుగెత్తాలి కదా, వెళ్లలేదు. తనంతట తనే లేచింది, నీరసంలే అనుకున్నా. మర్నాడే పోటీ ఫారం నింపాను. ఎప్పుడైనా స్పృహ తప్పిందా అని అందులో అడిగారు. అవునంటే డాక్టరు కాగితం తెమ్మంటారు, అప్పటికి గడువు దాటిపోతుంది. రెండేళ్లుగా దీని కష్టం చూస్తున్నా. లేదు అని రాసేశా అత్తయ్యా. ఈ చేత్తోనే రాశా."

నానమ్మ ఆమె పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ ఒకే వంటింట్లో, ఒకే భయాన్ని, ఒకరికి తెలియకుండా ఒకరు వండుకున్నారు.

గోడ అవతల మైకు పలికింది. "నంబరు ఇరవై మూడు."

పిచ్చుక వీపు మీద ఒక్క పిన్నీసుకి వేలాడుతున్న కాగితం ఇరవై మూడే. పిల్ల నిటారుగా నిలబడింది. కోడలు లేచి ఆ కాగితం మీద చెయ్యి వేసింది. పిన్నీసు తీసింది. పిల్ల వెనక్కి తిరగలేదు, లాక్కోలేదు.

"నంబరు ఇరవై మూడు," అని మళ్లీ పిలిచారు. కాసేపాగి, "ఇరవై నాలుగు."

అప్పుడు తిరిగింది పిచ్చుక. కాటుక చెంపల మీదికి కారుతోంది. అమ్మని కాదు, నానమ్మని చూసింది.

"ఇంత ఆలస్యంగానా చెప్పేది?"

నానమ్మకి అర్థం కాలేదు. "ఏమన్నావే?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదని నాన్న అంటాడుగా! లెక్కల్లో ఫెయిలయ్యానని చెప్పద్దంటే గంటలో చెప్పేశావు. ఫోను అద్దం పగిలిందని చెప్పద్దంటే భోజనాల్లోపే చెప్పేశావు. ఇది కూడా చెప్పేస్తావనుకున్నా. అమ్మకి నా నోటితో చెప్పడానికి ధైర్యం లేదు నానమ్మా. రెండేళ్లు తను దుకాణం నుంచి వచ్చి నాకోసం డాన్సు బట్టలు కుట్టింది. నువ్వు చెబితే అమ్మే ఆపేస్తుంది, నేను ఏడుస్తా, తిడతా, అయిపోతుందనుకున్నా. రోజూ చూశా. ఇవాళ చెబుతావు, రేపు చెబుతావు అని. మీరెవరూ ఏమీ అనలేదు. ఇందాక ఆ గదిలో కళ్లు తిరిగినప్పుడు ఇంక చచ్చిపోతానేమో అనుకున్నా."

కోడలు పిల్లని ఒళ్లోకి లాక్కుంది. "నా తల్లే! ఆ డాన్సు పోతే పోయింది. ఆ బట్టలు నేనే కత్తిరించేస్తా," అంటూ ఏమేమో అంది. జీవితంలో మొదటిసారి ఒక రహస్యం దాచగలిగానని నానమ్మ లోలోపల కాస్త గర్వపడిన మాట కూడా నిజమే. నిలబెట్టుకోకూడని ఒకే ఒక్క మాటని నిలబెట్టుకుంది. పిల్ల అడిగింది ఒట్టు కాదనీ, తనని కాపాడమనేననీ, అది వినిపించుకోవడానికి మూడు వారాలు పట్టిందనీ తెలిసి పెద్దపెట్టున ఏడ్చింది. నడవాలో జుట్లు దువ్వుతున్న తల్లులు చేతులాపి చూశారు. ఆమె పట్టించుకోలేదు.

కోడలే ముందు తేరుకుంది. టాక్సీ పిలిచింది, భర్తకి ఫోను చేసి నేరుగా పెద్దాసుపత్రికి రమ్మంది. పిల్లని నడవనివ్వకుండా గుమ్మం దాకా దాదాపు మోసుకుంటూ వచ్చింది.

"డాక్టరుతో మీరే మాట్లాడండి అత్తయ్యా," అంది టాక్సీలో కూర్చున్నాక. "మొదటిసారిది, నేను చూసింది, ఇవాళ్టిది, నేను ఫారంలో రాసిన అబద్ధం కూడా. ఒక్కటీ వదలకండి."

"చెబుతానమ్మా. అన్నీ చెబుతాను."

డాక్టరు ఏం చెబుతాడో ముగ్గురికీ తెలియదు. పిచ్చుక ఇద్దరి మధ్య కూర్చుని నానమ్మ భుజం మీద తల వాల్చింది. నానమ్మ ఆ మణికట్టు మీద వేళ్లు పెట్టి, ఆసుపత్రి గేటు కనిపించేదాకా తీయలేదు.